ఎదకు రాని ముర్రా పడ్డలు: హైదరాబాద్ శివారు డెయిరీలో హార్మోన్ చికిత్సపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు హైదరాబాద్ తూర్పు శివారున, ఘట్‌కేసర్ దాటిన తరువాత ఉన్న ఒక గేదెల డెయిరీది. జూన్ రెండో వారంలో యజమాని నన్ను పిలిపించారు. పాలిచ్చే ముర్రా గేదెలు ఆయన దగ్గర ముప్పైకి పైగా ఉన్నాయి. వాటి వెనుక షెడ్డులో, ఆ కొట్టంలోనే పుట్టి పెరిగిన 11 పడ్డలు (ఇంకా ఈనని గేదెలు) ఉన్నాయి. వాటి వయసు 28 నుంచి 40 నెలల మధ్య ఉంది. ఒక్కటీ చూడి కట్టలేదని, గత ఏడాదిలో మూడు పడ్డలకు కలిపి ఐదుసార్లు ఎదసూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా నిలవలేదని ఆయన చెప్పారు. మాట్లాడుతూనే ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. అందులో మందుల దుకాణంలో కొన్న క్లోప్రోస్టెనాల్ అనే ప్రోస్టాగ్లాండిన్ రకం హార్మోన్ మందు సీసాలు ఉన్నాయి. "డాక్టర్ సాబ్, మందు తెచ్చే ఉంచిన. అన్నిటికీ ఒక్కసారే ఏసేయుండ్రి, అన్నీ ఒక్కసారే ఎదకొస్తయట" అన్నారు.

ఆ రోజు ఆ పెట్టెను నేను తెరవలేదు. ఎందుకు తెరవలేదో, తరువాతి ఎనిమిది నెలల్లో ఏ పడ్డకు ఏ మందు వాడామో, ఏది ఫలించిందో, ఏది ఫలించలేదో యజమాని అనుమతితో ఇక్కడ రాస్తున్నాను.

నేపథ్యం

నగరంలోని తబేలాలు నడిచే తీరు వేరు. హర్యానాలోని రోహ్‌తక్, జింద్, హిసార్ ప్రాంతాల నుంచి ఈనిన గేదెలను వ్యాపారుల ద్వారా కొని తెచ్చి, ఆ ఈత పాలు పూర్తయ్యేదాకా పితికి, ఒట్టిపోగానే అమ్మివేయడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఒట్టిపోయిన గేదెను ఊరికే మేపడానికి నగరంలో చోటూ ఉండదు, గడ్డీ ఉండదు. అందువల్ల దూడల మీద ఎవరూ ఖర్చు పెట్టరు, వాటిలో చాలా వరకు ఏడాది నిండకుండానే పోతాయి. అలాంటి చోట ఒక యజమాని మంచి పాలున్న తల్లుల ఆడదూడలను ఏరి మూడేళ్లపాటు పెంచారంటే అది చిన్న సంగతి కాదు. ఈ ప్రయత్నం నష్టంతో ముగిస్తే ఆయన మళ్లీ దూడను పెంచరు, ఆయనను చూసి పక్కవారూ పెంచరు. ఈ కేసును నేను అంత పట్టుదలగా తీసుకోవడానికి ఇదే కారణం.

లెక్క కూడా కఠినంగానే ఉంటుంది. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. 40 నెలలకు కట్టిన పడ్డ ఈనేసరికి 50 నెలలు దాటుతుంది. అంతవరకు చుక్క పాలు రాకుండా మేపాల్సిందే. సరిగా మేపిన ముర్రా పడ్డ 24 నుంచి 30 నెలల మధ్య, సుమారు 300 కిలోల బరువుకు వచ్చి కట్టగలదు. అంటే ఈ మందలో పెద్ద పడ్డలు అప్పటికే ఏడాదికి దగ్గరగా కాలాన్ని పోగొట్టుకున్నాయి.

మొదటి పరీక్ష

పడ్డలను కట్టిన వెనుక షెడ్డు చీకటిగా, ఇరుకుగా ఉంది. పైన ఆస్బెస్టాస్ రేకులు, కింద తడి, ఒక్కో పడ్డకు మూడడుగుల తాడు. పొద్దుటి నుంచి రాత్రి వరకు అవి కట్టుకొయ్యను విడిచి కదలవు. పాలిచ్చే గేదెలకు వేసిన మేత మిగిలితే అది వీటికి వస్తుంది. దాంతోపాటు వరిగడ్డి, అప్పుడప్పుడు బీరు ఫ్యాక్టరీ నుంచి వచ్చే పిప్పి, వారంలో రెండు మూడు రోజులు మూసీ నీటితో పెరిగిన పారాగడ్డి. ఖనిజ లవణ మిశ్రమం పాలిచ్చే వాటికి తప్ప వీటికి పెట్టడం లేదు. నట్టల మందు చివరిసారి ఎప్పుడు తాగించారో ఎవరికీ గుర్తులేదు.

తూకం యంత్రం లేనందున టేపుతో కొలిచాను. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 300తో భాగిస్తే పౌండ్లలో బరువు వస్తుంది. ఉదాహరణకు 62 అంగుళాల ఛాతీ, 51 అంగుళాల పొడవు ఉన్న పడ్డ సుమారు 653 పౌండ్లు, అంటే 296 కిలోలు తూగుతుంది. ఈ సూత్రం గేదెల్లో కొద్దిగా అటూఇటూ కావచ్చు. అయినా ఒకే పడ్డను ప్రతి నెలా ఒకే చేతితో కొలిస్తే, అది పెరుగుతున్నదా లేదా అన్నది తప్పకుండా తెలుస్తుంది. మొదటి రోజు 300 కిలోలు దాటినవి 1, 2 నంబర్లు మాత్రమే. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం 255 నుంచి 285 కిలోల మధ్య ఉన్నాయి. అన్నిటికంటే చిన్నదైన 11వ నంబరు పడ్డ 214 కిలోలు తూగింది.

తరువాత ఒక్కొక్క పడ్డకు పురీషనాళం ద్వారా గర్భకోశం, అండాశయాలు పరీక్షించాను. 4వ నంబరు పడ్డ దగ్గర చెయ్యి ఆగిపోయింది. గర్భకోశం కటి అంచు దాటి కిందికి జారి ఉంది, మాయ గుండీలు వేళ్లకు తగులుతున్నాయి, గర్భకోశ ధమనిలో ఆ ప్రత్యేకమైన జలదరింపు స్పష్టంగా ఉంది. సుమారు ఐదు నెలల చూడి. యజమాని మొదట నమ్మలేదు. అప్పుడు కొట్టంలో పనిచేసే మనిషికి ఒక సంగతి గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది దీపావళి వేళ దున్నపోతులను అలంకరించి ఊరేగించే సదర్ పండుగకు తెచ్చిన దున్నపోతును సంక్రాంతి దాకా అదే ఆవరణలో కట్టేశారట, ఒక రాత్రి అది తాడు తెంపుకుని పడ్డల షెడ్డులో దొరికిందట. చూడిని నిలబెట్టే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ గేదెలో ప్రధానంగా అండాశయం మీది కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట ఏర్పడే గ్రంథి) నుంచే వస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ చేసే పనే ఆ కార్పస్ లూటియాన్ని కరిగించడం. ఆ పెట్టెలోని మందును అడిగినట్లే అన్నిటికీ వేసి ఉంటే ఐదు నెలల దూడ కింద పడేది. పరీక్ష చేయకుండా ప్రోస్టాగ్లాండిన్ వేయకూడదని మేము ఎంత చెప్పినా, సీసా దుకాణంలో అడిగినవారికల్లా దొరుకుతున్నంత కాలం ఇలాంటి గర్భస్రావాలు జరుగుతూనే ఉంటాయి.

10వ నంబరు పడ్డ గర్భకోశం చిటికెన వేలంత సన్నగా ఉంది, అండాశయాలు చిక్కుడు గింజంత కూడా లేవు. వయసు 36 నెలలు, బరువు 285 కిలోలు ఉన్నా జననాంగాలు ఎదగలేదు. ఇది పుట్టుకతో వచ్చిన లోపమని, హార్మోన్ల మీద డబ్బు ఖర్చు చేయవద్దని ఆ రోజే చెప్పాను. చికిత్స మొదలుపెట్టే ముందు ఇలాంటి పశువును పక్కకు తీయడం కూడా చికిత్సలో భాగమే.

ఇక తొమ్మిది మిగిలాయి. వాటి రక్త నమూనాల్లో గర్భస్రావాలు కలిగించే బ్రూసెల్లోసిస్ వ్యాధికి రోజ్ బెంగాల్ పరీక్ష చేయిస్తే అన్నీ నెగెటివ్ వచ్చాయి. పేడ పరీక్షలో మాత్రం ఐదింటిలో కడుపులో చేరే జలగ జాతి పరాన్నజీవుల గుడ్లు కనిపించాయి. నీరు నిలిచే నేలలో పెరిగిన గడ్డి మేసే పశువుల్లో నత్తల ద్వారా ఈ జలగలు చేరడం మామూలే.

మూగ ఎదా, అసలు ఎద లేదా

యజమానులు "ఎదకు రావడం లేదు" అంటే అందులో రెండు వేర్వేరు స్థితులు కలిసి ఉంటాయి. అండాశయం పనిచేస్తూ, 21 రోజులకోసారి అండం విడుదలవుతూ, ఆ లక్షణాలు మన కంటపడకపోవడం ఒకటి. అండాశయం అసలు మేల్కోకపోవడం రెండోది. మొదటిది చాలావరకు చూసేవారి లోపం. రెండోది పశువు శరీర స్థితికి సంబంధించినది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు, మొదటి దానికి పనిచేసే సూది రెండో దాని మీద అసలు పనిచేయదు. కరగడానికి కార్పస్ లూటియం లేని పడ్డకు ప్రోస్టాగ్లాండిన్ వేస్తే సూది నొప్పి తప్ప మరేమీ జరగదు.

గేదెలో ఎద లక్షణాలు ఆవులో కంటే చాలా మందకొడిగా ఉంటాయి. ఆవుల్లో లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు. అరుపు కొన్నిటిలోనే ఉంటుంది. ఎద చాలాసార్లు సాయంత్రం తరువాత మొదలై తెల్లవారేలోపు బలపడుతుంది. తీగ (ఎదలో మానం నుంచి వచ్చే జిగురు స్రావం) కూడా ఆవులో లాగా తోకకు అంటుకుని వేలాడదు. లోపలే నిలిచి, గేదె పడుకున్నప్పుడు ఒక్కసారిగా నేల మీదికి జారుతుంది. పొద్దున్నే పేడ ఎత్తే మనిషి దాన్ని పేడతోపాటే ఎత్తివేస్తాడు. పాలిచ్చే గేదె అయితే ఆ పూట పాలు తగ్గించి మనకు సంకేతం ఇస్తుంది, పడ్డకు ఆ సంకేతమూ లేదు. ఈ కొట్టంలో తెల్లవారుజామున మూడు గంటలకు మనుషులు లేస్తారు గాని అందరూ పాలు పితికే షెడ్డులోనే ఉంటారు. పడ్డల షెడ్డులో దీపం కూడా వెలిగించరు.

అందుకే పది రోజుల తేడాతో, జూన్ 12న, 22న రెండుసార్లు పరీక్షించాను. కార్పస్ లూటియం ఎద తరువాత ఐదో రోజు నుంచి పదిహేడో రోజు వరకు అండాశయం మీద ఉంటుంది. కాబట్టి తిరుగుతున్న (ఎద చక్రం నడుస్తున్న) పశువైతే ఈ రెండు పరీక్షల్లో ఏదో ఒకదానిలో అది తప్పక ఉండాలి. 1, 2 నంబర్లలో అది చేతికే తగిలింది. మిగిలిన ఏడింటిలో రెండుసార్లూ అండాశయాలు చిన్నగా, నున్నగా ఉన్నాయని రాసుకున్నాను. అయితే రెండో రోజు ఒక తోటి వైద్యుడు తన స్కానర్‌ను తెచ్చారు. నేను నున్నగా ఉందని రాసిన 7వ నంబరు పడ్డ ఎడమ అండాశయం లోపల, కణజాలంలో కూరుకుపోయిన కార్పస్ లూటియం తెర మీద కనిపించింది. గేదెలో అది ఆవులో లాగా పైకి పొడుచుకు రాదు, కాబట్టి చేతి పరీక్ష ఇలా మోసం చేయడానికి అవకాశం ఎక్కువ. ఆ పడ్డ విషయంలో తప్పు నాదే. ఆ రోజు నుంచి స్కాన్ లేకుండా "అండాశయం నిద్రలో ఉంది" అని ఏ పడ్డ చీటీ మీదా రాయడం లేదు.

చివరికి తేలిన లెక్క ఇది: తిరుగుతున్నా గుర్తించబడనివి మూడు, నిజంగా ఎద లేనివి ఆరు.

సూదికి ముందు 110 రోజులు

ఎద లేని ఆరింటిలో ఒక్కదాని బరువు కూడా 290 కిలోలు లేదు. శరీరానికి తన పెరుగుదలకే చాలినంత శక్తి అందనప్పుడు మెదడు అండాశయానికి ఆదేశాలు పంపదు. మెదడులోని హైపోథాలమస్ నుంచి వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్ (అండాశయాన్ని మేల్కొలిపే వరుసలో మొదటి హార్మోన్) తరంగాలు మందగిస్తాయి, పుటిక (అండం పెరిగే తిత్తి) కొంత పెరిగి అక్కడే కుంగిపోతుంది. ఆ స్థితిలో హార్మోన్లతో బలవంతంగా ఒక ఎదను తెప్పించవచ్చు గాని, ఆ ఎదలో కట్టే అవకాశం తక్కువ, కట్టినా నిలిచే అవకాశం ఇంకా తక్కువ. పైగా అది జూన్ నెల. గేదె పగలు తగ్గుతున్న కాలంలో బాగా తిరిగే పశువు, వేసవిలో దాని అండాశయం సహజంగానే మందగిస్తుంది. అక్టోబరు వరకు ఆగుదామని చెప్పాను. యజమాని ముఖంలో నిరాశ కనిపించినా ఒప్పుకున్నారు.

చేసిన మార్పుల్లో కొత్త విషయం ఏదీ లేదు. జలగలకు ఆక్సిక్లోజనైడ్, గుండ్రటి నట్టలకు ఫెన్‌బెండజోల్ బరువు ప్రకారం తాగించి, మూడు వారాల తరువాత పేడ మళ్లీ పరీక్షించాం. రోజుకు రెండు కిలోల దాణా, పదిహేను కిలోల వరకు సూపర్ నేపియర్, మిగిలినది వరిగడ్డి, 40 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 25 గ్రాముల ఉప్పు పెట్టించాం. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కూడా పట్టేస్తాయి. దాన్నే ప్రధాన మేతగా ఉంచి పడ్డ పెరగాలని ఆశించడం దానికి అన్యాయం చేయడమే. రేకుల మీద సున్నం కొట్టించి, మధ్యాహ్నం రెండుసార్లు పైపుతో ఒళ్లు తడిపించాం. అన్నిటికంటే ఎక్కువ ప్రయోజనం ఇచ్చిందని నేను అనుకునేది మరొకటి ఉంది. వెనుక ఉన్న ఖాళీ స్థలానికి కంచె వేసి, సాయంత్రం నాలుగు నుంచి పొద్దున్న వరకు పడ్డలను తాళ్లు లేకుండా వదిలారు. ఇంటి పెద్దబ్బాయి, ఇంటర్ చదివే కుర్రవాడు, రాత్రి తొమ్మిదికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి అరగంట అక్కడ కూర్చుని ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు. మాటిమాటికీ మూత్రం పోయడం, మానం ఉబ్బి ముడతలు పోవడం, పడుకున్న చోట తీగ, మేత మానడం, పక్క పడ్డ వాసన చూసి పెదవి ఎత్తడం ఇలా ఏది కనిపించినా నంబరుతో, వేళతో రాశాడు. సెప్టెంబరు నుంచి బంధువుల దున్నపోతును రోజూ ఉదయం, సాయంత్రం కంచె అవతలి వైపు కాసేపు కట్టారు. మగ పశువు వాసన, ఉనికి ఎదను ముందుకు తెస్తాయి, ఏ పడ్డ కంచె దగ్గర నిలబడుతున్నదో చూస్తే ఎదను గుర్తించడం కూడా తేలికవుతుంది.

తిరుగుతున్న మూడు పడ్డలు

1, 2 నంబర్లు అప్పటికే 300 కిలోలు దాటినందున వాటికి అక్టోబరు వరకు ఆగాల్సిన పని లేదని భావించాను. జూలై మొదటి వారంలో స్కాన్‌లో కార్పస్ లూటియం ఉందని, చూడి లేదని రూఢి చేసుకున్నాక, క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు కండరానికి ఇచ్చాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ మందు చర్మం గుండా కూడా మనిషి ఒంట్లోకి వెళ్తుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దాన్ని ముట్టుకోకూడదు. కొట్టంలో పనిచేసే ఒక మహిళ అప్పుడు నెలలు నిండుతున్న గర్భిణి. సూది వేసే రోజుల్లో ఆమెను షెడ్డు వైపు రానివ్వవద్దని చెప్పి, సీసాలూ సూదులూ నేనే వెంట తీసుకువెళ్లాను.

1వ నంబరు మూడో రోజు ఉదయం స్పష్టంగా ఎదకు వచ్చింది. 2వ నంబరు బయటికి ఏమీ చూపలేదు. లోపల మాత్రం గర్భకోశం బిగుసుకుని, తీగ నిండుగా ఉంది. రెండింటికీ 72, 96 గంటలకు రెండేసి సార్లు ఎదసూది వేశాను. వీర్యనాళికను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి, ఆ వెంటనే వాడాను. ఐదు వారాలకు స్కాన్‌లో 1వ నంబరు చూడి, 2వ నంబరు ఒట్టిది. యజమాని మిఠాయి పంచారు. అయితే 65వ రోజున మళ్లీ చూస్తే 1వ నంబరు గర్భకోశం ఖాళీగా ఉంది. ఎండాకాలం చివర, ఉక్కపోతలో కట్టిన గేదెల్లో పిండం తొలి రెండు నెలల్లో ఇలా కరిగిపోవడం మాకు కొత్త కాదు. ఆయనకు ఆ మాట చెప్పడం ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికంటే కష్టమైన పని. ఐదు వారాల స్కాన్‌ను చివరి మాటగా తీసుకోకూడదని, రెండు నెలలు దాటాక రెండో పరీక్ష తప్పనిసరని ఆ పడ్డ నాకు మళ్లీ గుర్తుచేసింది. అక్టోబరులో అదే పడ్డ తనంతట తాను ఎదకు వచ్చింది. అబ్బాయి రాత్రి తొమ్మిదికి రాసుకుంటే మరునాడు ఉదయం ఎదసూది వేశాం, నిలిచింది.

2వ నంబరుకు సెప్టెంబరులో ఓవ్‌సింక్ పద్ధతి వాడాను. 1995లో అమెరికాలో పాడి ఆవుల కోసం రూపొందిన ఈ పద్ధతిలో మొదటి రోజు జీఎన్‌ఆర్‌హెచ్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, మరో 48 గంటలకు రెండోసారి జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి, ఆపైన 16 నుంచి 20 గంటలలోపు ఎద లక్షణాలతో పని లేకుండా ఎదసూది వేస్తారు. అండం ఎప్పుడు విడుదలవుతుందో మనమే నిర్ణయిస్తాం కాబట్టి, ఎదను దాచుకునే పశువుకు ఇది చక్కగా సరిపోతుంది. జీఎన్‌ఆర్‌హెచ్ లాగా పనిచేసే బుసెరెలిన్ 10 మైక్రోగ్రాముల చొప్పున రెండుసార్లు ఇచ్చాను. ఆ పడ్డ మొదటి ఎదసూదికే కట్టింది. 7వ నంబరుకు ఏ హార్మోనూ ఇవ్వలేదు. అక్టోబరు నాటికి అది 310 కిలోలకు వచ్చి, ఒక సాయంత్రం కంచె దగ్గర దున్నపోతుకు ఎదురుగా కదలకుండా నిలబడింది. మరునాడు ఉదయం వేసిన ఎదసూది నిలిచింది.

ఎద లేని ఆరు పడ్డలు

అక్టోబరు మొదటి వారానికి 3, 5, 6, 8, 9 నంబర్లు 304 నుంచి 330 కిలోల మధ్యకు చేరాయి. 11వ నంబరు 255 దగ్గరే ఉంది, దాన్ని చికిత్సలో చేర్చలేదు. మిగిలిన ఐదింటి అండాశయాల్లో ఇప్పుడు పది మిల్లీమీటర్లకు అటూఇటూగా పుటికలు కనిపిస్తున్నాయి గాని, కార్పస్ లూటియం ఇంకా ఒక్కదానిలోనూ లేదు. వీటికి ఓవ్‌సింక్ ఒక్కటే ఇవ్వడం సరిపోదు. ఎప్పుడూ తిరగని పడ్డలో మెదడుకు ప్రొజెస్టరాన్ పరిచయమే ఉండదు. ఆ పరిచయం లేకుండా వచ్చే మొదటి ఎద లక్షణాలు లేకుండా పోతుంది, ఆ తరువాత ఏర్పడే కార్పస్ లూటియం కూడా చాలాసార్లు వారం తిరగకుండానే కరిగిపోతుంది. అందుకే కొన్ని రోజులు ప్రొజెస్టరాన్ ఇచ్చి, ఒక్కసారిగా తీసివేయాలి. అది ఉన్నంతసేపు మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి నిల్వ చేసుకున్న ఎల్‌హెచ్ హార్మోన్, తీసిన తరువాత వేగంగా విడుదలై పుటికను పక్వం చేస్తుంది.

మానాన్ని శుభ్రంగా కడిగి, ప్రొజెస్టరాన్ ఉన్న సిలికాన్ పరికరాన్ని యోనిలో అమర్చి, అదే రోజు బుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు ఇచ్చాను. ఏడో రోజున పరికరం తీసివేసి, క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములతో పాటు పీఎంఎస్‌జీ (చూడి గుర్రం రక్తం నుంచి తీసే హార్మోన్) 400 యూనిట్లు ఇచ్చాను. తొమ్మిదో రోజున మళ్లీ బుసెరెలిన్. పదో రోజు ఉదయం ఎదసూది, 24 గంటలకు మరొకటి. పీఎంఎస్‌జీ ఒంట్లో చాలా రోజులు నిలిచి పుటికను పెంచుతుంది, ఎద లేని పడ్డలకు దాని సాయం అవసరం. అయితే మోతాదు పెంచితే ఒకటికి మించి అండాలు విడుదలై చిక్కులు వస్తాయి కాబట్టి 400 దాటలేదు. పరికరం తీసేటప్పుడు కొద్దిగా చీము వంటి స్రావం రావడం మామూలే, దానికి వేరే మందు అక్కరలేదని ముందుగానే ఇంట్లోవారికి చెప్పి ఉంచాను.

నాలుగో రోజున 5వ నంబరు పరికరం కనిపించలేదు. బయటికి వేలాడే దారాన్ని పక్క పడ్డ నమిలి లాగింది. దారాన్ని పొట్టిగా కత్తిరించి ఉండాల్సింది. మంద కలిసి తిరుగుతున్నప్పుడు ఈ జాగ్రత్త తీసుకోకపోవడం నా పొరపాటు. ఆ పడ్డకు చికిత్స అక్కడితో ఆపివేశాను. మిగిలిన నాలుగూ ఎదసూది రోజున లక్షణాలు చూపాయి. 3, 6 నంబర్లు మొదటి ఎదసూదికే కట్టాయి, 65 రోజుల పరీక్షలో కూడా నిలిచాయి. 8వ నంబరు 22వ రోజున తిరిగి ఎదకు వచ్చింది. ఈసారి అబ్బాయి కంటికి స్పష్టంగా కనిపించింది, మళ్లీ వేస్తే నిలిచింది. 5వ నంబరు డిసెంబరులో తనంతట తాను ఎదకు వచ్చి కట్టింది. 9వ నంబరు రెండుసార్లు తిరగపొర్లింది, అంటే ఎదసూది నిలవక మళ్లీ ఎదకు వచ్చింది. మూడో ఎదలో తీగ అద్దంలా ఉండక మసకగా, తెల్లటి నలుసులతో కనిపించడంతో ఎదసూది వేయకుండా, ఆ తీగను పరీక్షకు పంపించాను.

ఫలితాన్ని ఎలా చదవాలి

ఫిబ్రవరి మొదటి వారానికి తొమ్మిదింటిలో ఏడు చూడివి. ఈ సంఖ్యను హార్మోన్ల ఖాతాలో మొత్తం రాసుకోవడం నిజాయితీ కాదు. హార్మోన్ ఇచ్చిన వరుసలోనే కట్టి, నిలిచినవి మూడు మాత్రమే: 2, 3, 6 నంబర్లు. 8వ నంబరు తరువాతి సహజమైన ఎదలో కట్టింది. అయితే అంతకుముందు ఎన్నడూ తిరగని పడ్డను తిరిగేలా చేసింది ఆ పరికరమే అయి ఉండవచ్చు కాబట్టి దాన్ని సగం లెక్క అనుకుంటాను. 1, 5, 7 నంబర్లు మేత వల్ల, చల్లబడిన కాలం వల్ల, రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామునా చూసిన కళ్ల వల్ల కట్టాయి. 5వ నంబరుకు నాలుగు రోజుల ప్రొజెస్టరాన్ కొంత మేలు చేసిందో లేదో విడదీసి చెప్పడానికి ఈ మందలో పోల్చి చూసే వేరే గుంపు లేదు. చికిత్స అవసరమైన పడ్డలను పోలిక కోసం వదిలేయమని యజమానిని అడిగే హక్కు నాకు లేదు.

హార్మోన్లంటే ఈ కొట్టాల్లో ఒక భయం కూడా ఉంది. పాలు చేపడానికి దొంగచాటుగా వాడే ఆక్సిటోసిన్‌నూ, ఈ మందులనూ ఒకే గాటన కట్టి, "హార్మోన్ సూది పడితే గేదె చెడిపోతుంది" అంటారు. ఈ చికిత్సలో వాడినవి పశువు ఒంట్లో సహజంగా ఉండేవి లేదా వాటిని పోలి పనిచేసేవి. సరైన పడ్డకు సరైన రోజున ఇస్తే వాటివల్ల హాని కలగదు. చూడి పడ్డకు ఇచ్చిన ప్రోస్టాగ్లాండిన్ చేసే హాని మాత్రం ఎవరూ తిరిగి పూడ్చలేరు.

4వ నంబరు పడ్డ నవంబరు మూడో వారంలో ఈనింది. ఆడదూడ పుట్టింది, మొదటి గంటలోనే జున్నుపాలు తాగింది. 10వ నంబరును యజమాని అమ్మివేశారు. 9వ నంబరు తీగ నివేదిక రావాల్సి ఉంది, గర్భకోశంలో సూక్ష్మజీవులు తేలితే దానికి తగిన యాంటీబయోటిక్ ఇచ్చి, ఒక ఎదను వదిలి, తరువాతి ఎదలో ప్రయత్నిస్తాం. 11వ నంబరు ఇప్పుడు 288 కిలోలు. దాని అండాశయాలను ఈ నెలాఖరున మళ్లీ స్కాన్ చేస్తాం.